కోతకు ముందు గంట

రోగికి మత్తు ఇచ్చి, పొట్ట శుభ్రం చేసి, చుట్టూ గుడ్డలు కప్పాక, కత్తి అందుకునే ముందు థియేటర్‌లో అందరూ ఒకసారి చేతులు ఆపుతారు. రోగి పేరేమిటో, చేయబోయేది ఏ ఆపరేషనో, కోత ఎక్కడ పెట్టాలో ఒకరు పైకి చదువుతారు, మిగిలినవాళ్లు అవునంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్టులోని భాగం ఇది. దాన్ని మొదట అమలుచేసి చూసిన ఎనిమిది నగరాల్లో మన ఢిల్లీ కూడా ఉంది. అందులో ఒక ప్రశ్న: గడిచిన 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా?

మందు ఇచ్చారా అని అడిగి ఊరుకోలేదు. గడియారం చూసి చెప్పమన్నారు. ఆ 60 నిమిషాలను ఎవరో బల్ల దగ్గర కూర్చుని ఊహించి రాయలేదు. గినీ పందుల చర్మం మీద, వేలమంది రోగుల కేస్‌షీట్లలో ఎంతో ఓపికగా వెతికి పట్టుకున్న అంకె అది. ఆ వెతుకులాటలోని పనితనాన్ని దగ్గరగా చూడాలంటే అపెండిక్స్ ఆపరేషన్‌ను మించినది లేదనుకుంటాను.

మనవాళ్లు ఇరవై నాలుగు గంటల నొప్పి అనే జబ్బు ఇది. బొడ్డు దగ్గర మొదలై కుడి పొత్తికడుపులోకి దిగే నొప్పి. పెద్దపేగు మొదట్లో వేలాడే వేలంత గొట్టం అపెండిక్స్. ఒక కొస పేగులోకి తెరుచుకుంటుంది, రెండో కొస మూసి ఉంటుంది. తెరిచి ఉన్న కొసకు గట్టిపడిన మలం ముక్కో, ఉబ్బిన కణజాలమో అడ్డం పడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. నెత్తురు అందక గోడ బలహీనపడుతుంది, క్రిములు గోడలోకి చొరబడతాయి. ఆలస్యమైతే చిల్లుపడుతుంది. సర్జన్ ఈ గొట్టాన్ని తీసి బయటపెట్టేటప్పుడు పేగులో హాయిగా బతికే క్రిములు కొన్ని కోత అంచులకు అంటుకోక తప్పదు. ఎంత నేర్పున్న చేయి అయినా వాటిని పూర్తిగా ఆపలేదు. నాలుగైదు రోజులకు కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము కనిపిస్తాయి. లేదా ఇంటికి వెళ్లాక జ్వరం వస్తుంది, స్కాన్ తీస్తే కటి భాగంలో చీము గడ్డ బయటపడుతుంది.

దీన్ని ఆపడానికి మందు ఉందని పెన్సిలిన్ వచ్చిన కొత్తలోనే అందరికీ తెలుసు. ఎప్పుడు ఇవ్వాలో తెలియలేదు. 1950ల్లో చాలాచోట్ల ఆపరేషన్ ముగిసి రోగి వార్డుకు చేరాక ఇంజెక్షన్లు మొదలుపెట్టి, రోజుల తరబడి కొనసాగించేవారు. చీము పట్టడం మాత్రం తగ్గలేదు. శుభ్రంగా ఆపరేషన్ చేయడం తప్ప వేరే దారి లేదనీ, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వడం దండగనీ కొందరు పెద్ద సర్జన్లు తేల్చేశారు. వాళ్లు చూసింది నిజమే. వాళ్లు తేల్చినదే తప్పు. ఆ తేడాను పట్టుకున్నవాడు జాన్ బర్క్ అనే అమెరికన్ సర్జన్.

బర్క్ అంతకుముందు లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆష్లీ మైల్స్‌తో కలిసి పనిచేశాడు. చర్మంలోకి క్రిములు దిగిన మొదటి కొన్ని గంటల్లోనే శరీరం తన పోరాటంలో ముఖ్యమైన భాగం ముగించేస్తుందని 1957లో వాళ్లు చూపించారు. ఆ తొలి గంటల్లో ఆ చోటికి నెత్తురు అందకుండా చేస్తే పుండు బాగా పెద్దదైంది. ఆ గంటలు దాటాక నెత్తురు ఆపినా పెద్ద తేడా రాలేదు. అంటే పుండు ఎంత పెరగాలో ఆ కాసేపట్లోనే నిర్ణయమైపోతోంది. పుండు కంటికి కనిపించేది మాత్రం మర్నాడు. బర్క్ ఇక్కడినుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. శరీరానికే అంత కొద్ది సమయం ఉంటే, మందుకు ఎంత ఉంటుంది?

1961లో ‘సర్జరీ’ పత్రికలో వచ్చిన ఆయన ప్రయోగాన్ని ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. గినీ పంది చర్మంలోకి కొలిచిన మోతాదులో స్టెఫైలోకాకస్ క్రిముల్ని ఎక్కించాడు. పెన్సిలిన్‌ను కొన్నిటికి ముందే ఇచ్చాడు, కొన్నిటికి క్రిములతోపాటే ఇచ్చాడు, కొన్నిటికి గంట తర్వాత, ఇంకొన్నిటికి మరిన్ని గంటల తర్వాత ఇచ్చాడు. 24 గంటలు ఆగి వాపు ఎంత వెడల్పు ఉందో కొలిచాడు. ఇంతవరకు ఎవరైనా చేయగలిగేదే. కానీ ఆయన ఇంకొక పని చేశాడు. చచ్చిన క్రిముల్ని కూడా చర్మంలోకి ఎక్కించి ఆ వాపునూ కొలిచాడు.

ఆయన తెలివంతా ఇందులోనే ఉందంటాను. చచ్చిన క్రిమికి కూడా చర్మం కొంత ఉబ్బుతుంది. పరాయి పదార్థం లోపలికి వస్తే శరీరం ఊరుకోదు కదా. ఆ ఉబ్బు ఎంతో తెలియకుండా పెన్సిలిన్ ఇచ్చిన చోట వాపు చూస్తే, మందు సగమే పనిచేసిందని అనుకునేవాళ్లం. బర్క్ చేతిలో రెండు హద్దులు ఉన్నాయి. మందే ఇవ్వని బతికిన క్రిమి వాపు పై హద్దు. చచ్చిన క్రిమి వాపు కింది హద్దు. క్రిములు దిగకముందే మందు ఇచ్చిన జంతువుల్లో వాపు కింది హద్దు దగ్గరే ఆగిపోయింది. బతికి ఉన్న క్రిములు అక్కడ చచ్చినవాటితో సమానమైపోయాయి. మందు ఆలస్యమయ్యేకొద్దీ వాపు పైకి జరిగింది. మూడు గంటలు దాటాక ఇచ్చిన పెన్సిలిన్‌కూ, అసలు ఇవ్వకపోవడానికీ తేడా లేకపోయింది. అదే మందు, అదే మోతాదు, అవే క్రిములు. మారిందల్లా వేళ.

ఎందుకిలా? కోసిన చోట నెత్తురు గడ్డకడుతుంది. చిట్టి రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆ గడ్డలో, ఆ నార పోగుల మధ్య చిక్కుకున్న క్రిమికి బయటినుంచి మందు చేరే దారి ఉండదు. శ్లాబు పోసి గట్టిపడ్డాక పైన వాటర్‌ప్రూఫ్ పొడి చల్లితే లోపలికి దిగదు, సిమెంటు కలిపేటప్పుడే అది కూడా కలవాలి. గాయంలో గడ్డకట్టబోయే నెత్తురులోనే మందు కలిసి ఉండాలి. అప్పుడు ఆ గడ్డ క్రిమికి ఆశ్రయం ఇవ్వలేదు. 1950ల సర్జన్లు వార్డులో మొదలుపెట్టిన ఇంజెక్షన్లు ఎందుకు ఓడిపోయాయో దీంతో తేలిపోయింది. కాలిన గాయాలకు కృత్రిమ చర్మం తయారుచేసినవాడిగా బర్క్ తర్వాత మరింత పేరు తెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఈ గినీ పంది ప్రయోగమే ఆయన చేసిన గొప్ప పని అనిపిస్తుంది.

అదే 1961లో, మే నెల మొదట్లో, అంటార్కిటికాలోని సోవియట్ స్థావరంలో లియొనిద్ రొగొజోవ్ అనే 27 ఏళ్ల డాక్టరు తన అపెండిక్స్‌ను తానే కోసి తీసుకున్నాడు. అక్కడ ఇంకో డాక్టరు లేడు. అద్దంలో అంతా తలకిందులుగా కనిపిస్తుంటే, చేతి స్పర్శను నమ్ముకుని దాదాపు రెండు గంటలు పనిచేశాడు. బతికాడు, రెండు వారాల్లో ఉద్యోగంలో చేరాడు. ఆ కథ చెప్పేవాళ్లు ఆయన గుండెధైర్యాన్నే చెబుతారు. మందుల సంగతి అంతగా ఎవరూ చెప్పరు. ఆపరేషన్ లేకుండా తగ్గుతుందేమోనని ఆయన ముందే యాంటీబయాటిక్స్ తీసుకున్నాడు, కుట్లు వేసే ముందు పొట్టలోకీ వేసుకున్నాడు. ఒక్క మనిషి బతకడం రుజువేమీ కాదు. అయినా కత్తి దిగేసరికి మందు ఒంట్లో ఉందన్న సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది.

గినీ పందిలో తేలింది మనిషిలో నిలుస్తుందా అన్నది చూడటానికి 30 ఏళ్లు పట్టింది. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీలోని ఎల్‌డీఎస్ ఆసుపత్రిలో డేవిడ్ క్లాసెన్ బృందం ముందే తేదీ ఖరారు చేసుకుని చేసిన ఆపరేషన్లలో 2847 మంది రోగుల్ని గమనించి 1992లో ఫలితాలు ప్రచురించింది. కోతకు ముందు రెండు గంటల లోపు మందు అందినవాళ్లలో 0.6 శాతం మందికే గాయం చీము పట్టింది. కోత పడ్డాక మూడు గంటల లోపు అందినవాళ్లలో 1.4 శాతం. అంతకంటే ఆలస్యమైనవాళ్లలో 3.3 శాతం. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొక అంకె: రెండు గంటలకంటే ముందే, తొందరపడి ఇచ్చినవాళ్లలో 3.8 శాతం. ఆలస్యం ఎంత చెడ్డదో తొందర కూడా అంతే చెడ్డదని తేలింది. కోత వేళకు మందు నెత్తురులోంచి దిగిపోయి ఉంటుంది కదా. వార్డులో ఉదయం ఆరింటికే సిస్టర్ ఇంజెక్షన్ చేసేసి, థియేటర్ ఖాళీ లేక రోగిని పది దాటాక లోపలికి తీసుకుంటే, ఆ ఇంజెక్షన్ లెక్కకు రాదు. అందుకే ఈ పని చాలాచోట్ల వార్డునుంచి మత్తు డాక్టరు చేతికి మారింది.

వేళ తేలింది. మరి ఏ మందు? ఇక్కడ అపెండిక్స్ తన ప్రత్యేకత చూపిస్తుంది. చర్మం కోతలో ప్రధాన శత్రువు స్టెఫైలోకాకస్. పేగు దగ్గర అలా కాదు, అక్కడ క్రిముల ఊరే ఉంటుంది. 1938లోనే సిన్సినాటిలో విలియం ఆల్టిమయర్ చిల్లుపడిన అపెండిక్స్ కేసులు 100 తీసుకుని ఆ చీమును ఓపికగా పెంచి చూశాడు. దాదాపు అన్నిటిలోనూ గాలి తగిలితే బతకలేని క్రిములు కనిపించాయి. మామూలు పద్ధతిలో పెంచితే అవి చచ్చిపోతాయి కనుక ప్రయోగశాలలు వాటిని చూడనే లేదు. ఈ.కోలై ఒక్కటే కనిపించేది, దాని మీదే గురిపెట్టేవారు.

రెండు జాతుల్లో ఏది ఏం చేస్తుందో విడదీసి చూపినవాళ్లు వైన్‌స్టీన్, ఆండర్‌డాంక్, బార్ట్‌లెట్, గార్బాక్. 1970ల్లో ఎలుకల మీద చేసిన వీళ్ల పని బర్క్ పనికి సాటి వస్తుంది. పేగు మలినాన్ని జెలటిన్ గొట్టాల్లో నింపి ఎలుకల పొట్టలో పెట్టారు. జెలటిన్ కరిగిపోతుంది, అపెండిక్స్ పగిలినట్టే లోపల అంతా చిమ్ముతుంది. మందు ఇవ్వని ఎలుకల్లో 37 శాతం మొదటి రోజుల్లోనే చచ్చిపోయాయి. మిగిలినవన్నీ తర్వాత చీము గడ్డలతో కనిపించాయి. ఈ.కోలైని చంపే జెంటామైసిన్ ఒక్కటే ఇస్తే చావులు 4 శాతానికి పడిపోయాయి, కానీ బతికినవాటిలో 98 శాతానికి గడ్డలు వచ్చాయి. గాలి గిట్టని క్రిముల్ని చంపే క్లిండామైసిన్ ఒక్కటే ఇస్తే గడ్డలు 5 శాతానికి తగ్గాయి, చావులు మాత్రం 35 శాతం దగ్గరే నిలిచాయి. రెండూ కలిపి ఇస్తే చావులు 7 శాతం, గడ్డలు 6 శాతం.

ఈ నాలుగు వరుసల అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బు రెండు అంకాలుగా నడుస్తోందని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తొలి దెబ్బ ఈ.కోలైది, అది ప్రాణం తీస్తుంది. తర్వాతి గడ్డ గాలి గిట్టని క్రిములది. ఒక మందు ఒక అంకాన్నే ఆపుతుంది. ఏ మందు దేన్ని ఆపుతుందో చూసి, దేనికి కారణం ఏదో రాబట్టారు. మందునే కొలబద్దగా వాడుకున్న ఆ పద్ధతి నాకు మహా ఇష్టం.

రెండో జాతిని పట్టే మందు అప్పటికే మరో జబ్బుకు వాడుకలో ఉంది. మెట్రోనిడజోల్ 1959లో ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం వచ్చింది. దానికోసం వాడుతున్న ఒక రోగికి చిగుళ్ల పుండు కూడా మానిపోవడం షిన్ అనే బ్రిటిష్ దంతవైద్యుడి కంటపడింది. ఆయన దాన్ని యాదృచ్ఛికంగా వదిలేయకుండా పరీక్షించి 1962లో లాన్సెట్‌లో రాశాడు. చిగుళ్ల పుండుకు కారణం గాలి గిట్టని క్రిములే. ఇంగ్లండ్‌లోని ల్యూటన్‌లో విలిస్ బృందం ఇదే మందును అపెండిక్స్ రోగులకు వాడి, ఆ జాతి చీమును ఆపవచ్చని 1976లో చూపించింది. మన వార్డుల్లో స్టాండుకు వేలాడే 100 మిల్లీలీటర్ల మెట్రోజిల్ సీసా వెనక ఇంత నడక ఉంది.

ఈ రోజు పగలని అపెండిక్స్‌కు చాలాచోట్ల వాడే జంట సెఫజోలిన్, మెట్రోనిడజోల్. పెద్దవాళ్లకు సెఫజోలిన్ 2 గ్రాములు, 120 కిలోలు, ఆపైన బరువుంటే 3 గ్రాములు. దాన్ని నరంలోకి కొద్ది నిమిషాల్లో ఇచ్చేయవచ్చు. మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు సీసాలోంచి నెమ్మదిగా దిగాలి, అరగంటైనా పడుతుంది. కాబట్టి సీసా ముందు పెట్టాలి, ఇంజెక్షన్ తర్వాత చేయాలి, రెండూ కోతకు ముందే పూర్తి కావాలి. ఆపరేషన్ నాలుగు గంటలు సాగితే సెఫజోలిన్ మళ్లీ ఇవ్వాలి, మెట్రోనిడజోల్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక అక్కర్లేదు. మంచి మత్తు డాక్టరు ఇదంతా మాట లేకుండా చేసుకుపోతాడు.

ఇన్ని ప్రయోగాల తర్వాత కూడా అపెండిక్స్ రోగులకు ఇది నిజంగా మేలు చేస్తోందా అని ఎవరైనా కూర్చుని లెక్క చూడాలి. డెన్మార్క్‌కు చెందిన ఆండర్సన్, కాలెహావె, ఆండర్సన్ ఆ పని చేశారు. కాక్రేన్ సంస్థ కోసం 45 అధ్యయనాలు, 9576 మంది రోగుల లెక్కలు ఒకచోట చేర్చారు. యాంటీబయాటిక్ ఒకవైపు, ఉత్తుత్తి మందు మరోవైపు. 2005లో వచ్చిన రూపంలో వాళ్ల తీర్పు స్పష్టం: గాయం చీము పట్టడమూ, పొట్టలో గడ్డ కట్టడమూ రెండూ తగ్గాయి. తీసిన అపెండిక్స్ ఏ దశలో ఉన్నా ఆ మేలు కనిపించింది.

ఆ చివరి మాట మీద కాస్త నిలబడాలి. పొట్ట తెరిచే దాకా లోపల అపెండిక్స్ ఎర్రబడి ఉందో, కుళ్లిందో, పగిలిందో సర్జన్‌కు కచ్చితంగా తెలియదు. మందు ఇవ్వాల్సింది మాత్రం తెరవకముందు. పగిలినవాళ్లకు మాత్రమే మేలు అని తేలి ఉంటే ఆ ఫలితం థియేటర్‌లో ఎవరికీ ఉపయోగపడేది కాదు. ఎవరు ఏ దశలో ఉన్నా మేలే అని తేలింది కనుకనే అందరికీ ఇవ్వవచ్చు. డాక్టరు ఏ క్షణంలో, ఎంత తెలిసి నిర్ణయం తీసుకుంటాడో గుర్తుపెట్టుకుని లెక్కల్ని విడదీశారు. లెక్కలు కట్టేవాళ్లందరికీ ఈ స్పృహ ఉండదు.

అదే సమీక్షలో బర్క్ అభిమానుల్ని ఇబ్బందిపెట్టే మాట కూడా ఉంది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చినా, మధ్యలో ఇచ్చినా, తర్వాత ఇచ్చినా మందు పనిచేసిందట. మరి మూడు గంటల లెక్క ఏమైనట్టు? నేను దీన్ని ఇలా చదువుకుంటాను. అపెండిక్స్ ఆపరేషన్ మామూలుగా గంట, అటూ ఇటూగా అయిపోతుంది. ముగిసిన వెంటనే ఇచ్చిన మందు కూడా చాలావరకు ఆ మూడు గంటల లోపలే పడుతుంది. పైగా ఆ అధ్యయనాలు మందును ఉత్తుత్తి మందుతో పోల్చాయి, ముందు ఇవ్వడాన్ని తర్వాత ఇవ్వడంతో పోల్చలేదు. పనిచేయడం వేరు, అన్నిటికంటే బాగా పనిచేయడం వేరు.

ఇక ఎక్కడ ఆపాలన్నది. మన దగ్గర అందరూ తడబడేది ఇక్కడే. ఏ జిల్లా ఆసుపత్రి సర్జికల్ వార్డులోనైనా వినపడే మాట: “మావాడికి ఒక్క సూదితో సరిపెట్టారేంది సార్? పక్క మంచం పిల్లాడికి రోజూ ఎక్కిస్తున్నారు గదా!” డాక్టరుకు తీరిక ఉంటే జవాబు ఇలా వస్తుంది: “వాడిది లోపల పగిలిందమ్మా. మీవాడిది పగల్లేదు. వాడికిచ్చేది వైద్యం, మీవాడికి కావాల్సింది కాపలా. ఆ పని అయిపోయింది.”

ఆ తల్లి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఎక్కువ మందు అంటే ఎక్కువ శ్రద్ధ అని ఆమెకు ఆసుపత్రులే నేర్పాయి. కానీ కోత మూసి కుట్లు వేశాక, బర్క్ చెప్పిన గంటలు దాటాక, పగలని అపెండిక్స్‌కు ఇచ్చే ప్రతి అదనపు మోతాదూ వెళ్లి పడేది పేగులో ఉన్న మంచి క్రిముల మీద. హాంకాంగ్‌లో 269 మంది పగలని అపెండిక్స్ రోగుల్ని మూడు జట్లుగా చేసి ఒకే మోతాదు, మూడు మోతాదులు, ఐదు రోజుల మందు ఇచ్చి చూశారు. 2005లో వచ్చిన ఆ ఫలితాల్లో గాయం చీము పట్టడంలో లెక్కకు నిలిచే తేడా కనిపించలేదు. ఐదు రోజుల జట్టులో మందుల వల్ల వచ్చిన ఇబ్బందులు మాత్రం పెరిగాయి. ఆపరేషన్ ముగిశాక కాపలా మందు కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగానే చెప్పింది. సెఫట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఈ.కోలై మన ఆసుపత్రుల్లో ఇంతగా పెరిగాక, డిశ్చార్జి చీటీలో అలవాటుగా రాసే ఐదు రోజుల మాత్రల్ని నేను చిన్న విషయంగా చూడలేను.

పగిలిన అపెండిక్స్ సంగతి వేరు. అక్కడ క్రిములు ముందే లోపల ఉన్నాయి, వైద్యం నడవాలి. ఎన్ని రోజులు? నెదర్లాండ్స్‌లో 15 ఆసుపత్రుల్లో వెయ్యిమందికి పైగా రోగుల మీద చేసిన పరీక్ష 2023లో లాన్సెట్‌లో వచ్చింది. రెండు రోజులు ఇచ్చినవాళ్లలో 10 శాతానికి, ఐదు రోజులు ఇచ్చినవాళ్లలో 8 శాతానికి 90 రోజుల లోపు ఇన్ఫెక్షనో మరణమో సంభవించింది. రెండు రోజులు సరిపోతాయన్న తీర్పుకు అది చాలింది. మందుల దుష్ఫలితాలు 22 శాతం నుంచి 9కి తగ్గాయి. అయితే మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు 6 శాతం నుంచి 12కి పెరిగారు. ఆ బృందం ఈ అంకెను దాచకుండా మిగతావాటి పక్కనే వేసింది. అవసరమైతే గంటలో ఆసుపత్రికి తిరిగి రాగల నెదర్లాండ్స్ రోగికీ, ఏజెన్సీ గ్రామానికి వెళ్లిపోయే రోగికీ ఆ 12 శాతం ఒకే బరువు కాదు. రెండు రోజులకే మందు ఆపి పంపేటప్పుడు డాక్టరు ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని ఇంటివాళ్లకు చెప్పాల్సినవి ఉన్నాయి: జ్వరం తిరగబెట్టినా, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, వాంతులైనా, పొట్ట ఉబ్బినా, మాటిమాటికీ విరేచనానికి వెళ్లాలనిపించినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, అపాయింట్‌మెంటు రోజుదాకా ఆగకుండా తీసుకురావాలి.